సీసా నిండేదాకా

జులై 8, మంగళవారం. ప్రొద్దుటూరు

ఇది రాయకూడదనే అనుకున్నాను. నిన్న ట్రైనింగులో అందరికీ తలా ఒక సంచీ ఇచ్చినారు. అందులో పెన్ను, టోపీ, ఈ నోటుపుస్తకం. సంచీని నా భార్య సైదున్నీసా కూరగాయలకు తీసుకుంది. టోపీ పక్కింటికి పోయింది. పుస్తకాన్ని పొయ్యి పక్కన వేడి గిన్నె కింద పెట్టింది. మంచి అట్ట, మాడిపోతుందని లాక్కున్నాను. లాక్కున్న తరువాత రాయకుండా ఊరికే పెట్టుకుంటే ఆమే గెలిచినట్టు. అందుకని రాస్తున్నాను, వేరే కారణం లేదు.

ఇంట్లో మేము మాట్లాడేది ఉర్దూ. ఉర్దూ రాయడం నాకు రాదు. తెలుగు చదవడం ఆమెకు రాదు. కాబట్టి ఈ పుస్తకానికి తాళం అక్కర్లేదు.

సంగతేమంటే, డెబ్భై ఒకటో ఏట నాకు ఉద్యోగం వచ్చింది. నలభై ఏళ్ళు జిల్లా అంతా తిరిగి చేతిపంపులు బాగు చేసినాను. అందరూ బోరింగు సర్దార్ అన్నారు. చదివింది ఐదో తరగతి, మిగతాదంతా పంపులతో పాటు పెట్టెలో వచ్చే పుస్తకాలు చూసి నేర్చుకున్నదే. ఇప్పుడు ఒక సంస్థ వాళ్ళు పన్నెండు బడుల సైన్సు టీచర్లకు నీళ్ళు, వాన, దుమ్ము చేత్తో కొలవడం నేర్పిస్తున్నారు. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చెప్పేవాళ్ళు. ఇద్దరు ఎమ్మెస్సీలు కూడా ఉన్నారు. వాళ్ళకు నేర్పేది నేనంట. భార్గవి మేడమ్ బోర్డు మీద నా పేరు పక్కన రిసోర్స్ పర్సన్ అని రాసింది. మేడమ్‌ది విజయవాడ. వయసు ముప్పై లోపలే. నేను మాట్లాడితే సగం అర్థమవుతుంది, మిగతా సగానికి తల ఊపుతుంది.

జులై 9, బుధవారం

పొద్దున పోతానే పెన్నులు జేబుల్లో పెట్టమన్నాను. టీచర్లకు పెన్ను పట్టుకుంటే చేయి ఆగదు. కళ్ళు చూసే లోపలే రాసేస్తారు.

కూల్‌డ్రింకు సీసా పైభాగం కోసి, తిరగేసి గరాటు మాదిరి పెట్టి, పక్కన స్కేలు అంటించి వానకొలత చేయించినాను. నారాయణ సార్ అని ఒకాయన, జమ్మలమడుగు దిక్కు బడి, ఇంకో రెండేళ్ళలో రిటైరు. ఆయన పట్టిక చూస్తే నెలాఖరు దాకా సున్నాలు రాసిపెట్టినాడు.

"ఇదేంది సార్, ఇయ్యాల తొమ్మిదే గదా."

"సర్దారన్నా, నేను జమ్మలమడుగులో పుట్టినా, ఆడే పెరిగినా. జులైలో ఆడ వాన యాడ పడుతుంది? ముందే రాసి పెట్టుకుంటే ఒక పని అయిపోతుంది."

"పడితే?"

"పడితే కొట్టేస్తా. సంతోషంగా కొట్టేస్తా."

అందరూ నవ్వినారు. నేనూ నవ్వి, పట్టిక చింపి కొత్తది చేతిలో పెట్టినాను. చూడకుండా రాసేది దొంగసాక్ష్యం అన్నాను. మేడమ్‌కు ఆ మాట శానా నచ్చింది. "చూసిందే రాయాలి - సర్దార్ గారు" అని బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీసింది. ఆ గీతను ఇంటికి వచ్చే దారిలో రెండుసార్లు తలుచుకున్నాను. రాసేది నాకోసమే కాబట్టి ఒప్పుకుంటున్నాను.

జులై 11, శుక్రవారం

ఈరోజు అందరం మినీబస్సులో పులివెందుల దాటి లింగాల దారిలో, మా పన్నెండు మందిలో ఒకరైన పర్వీన్ టీచర్ బడికి పోయినాము. ఆ బడిలో బోరింగు నీళ్ళు మంచివి కావని రెండేళ్ళ కిందట తేలింది. ఫ్లోరైడు లీటరుకు మూడు మిల్లీగ్రాములు దాటిందంట. ఒకటిన్నర దాటితేనే పిల్లోళ్ళ పళ్ళు పాడవుతాయి. ఆ బడిలో పిల్లోళ్ళు నవ్వితే నోటికి చేయి అడ్డం పెట్టుకుంటారు. పర్వీన్ టీచర్ ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగితే, సంస్థ వాళ్ళు దినామూ ఎనిమిది క్యాన్ల మంచినీళ్ళు పంపడం మొదలుపెట్టినారు.

బడిలో వంట చేసే అలివేలమ్మ మాకు బొరుగుల ఉగ్గాని, బజ్జీ చేసిపెట్టింది. బజ్జీలో మిరపకాయ నిజంగా మిరపకాయే. తింటా తింటా టీచర్లకు నా రెంచీ కథ చెప్పినాను. చెన్నూరు దిక్కు ఒక ఊర్లో, ఎనభై ఏడో సంవత్సరమో ఎనిమిదో, రాడ్లు దించుతాంటే చేతిలో రెంచీ జారి బోరులో పడింది. రెండడుగుల ఇనుము. తీసే దారి లేదు. చెప్తే తంతారు. మూసేసి వచ్చేసినాను. నెల తరువాత పోతే, ఈ నీళ్ళలో ఇనుము శక్తి ఉందప్పా, తాగితే రక్తం పడుతుంది అని ఊరంతా చెప్పుకుంటాన్నారు. బాలింతలకు పక్క ఊర్ల నుంచి కూడా వచ్చి పట్టుకపోతాన్నారు. నేను కూడా ఒక చెంబు తాగి, అవునప్పా, మంచి నీళ్ళు అన్నాను. నారాయణ సార్‌కు నవ్వి నవ్వి పొలమారింది.

కథ ముగిసేసరికి నీళ్ళ సీసా వచ్చింది. నీళ్ళలో కరిగిన ఉప్పులు చూపే మీటరు పెడితే నలభై ఆరు. ఫ్లోరైడు మందు చుక్కలు వేసినాము. చెడ్డ నీళ్ళయితే పసుపుకు తిరగల్ల. తిరగలేదు, గులాబీ రంగు అట్లే నిలబడింది. సున్నా. నలభై ఏళ్ళలో ఇంత తేలిక బోరు నీళ్ళు నేను చూడలేదు.

పర్వీన్ టీచర్ మీటరును రెండుసార్లు చూసి, "చాచా, ఇంకో సీసా పడదామా?" అంది.

"అమ్మా, మనిషి అబద్ధం చెప్తాడేమో, మీటరు చెప్పదు" అన్నాను. తరువాత రెండేళ్ళ వానలు, భూమిలోకి నీళ్ళు ఇంకడం, చెడ్డ నీళ్ళు పలచబడడం, అన్నీ సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసి చెప్పినాను. ఎమ్మెస్సీలు ఇద్దరూ ఫోటో తీసుకున్నారు.

జుమ్మా నమాజు పులివెందులలో. మంచి దినం.

జులై 12, శనివారం

రిపోర్టు కడపకు పోయింది. మూడో వరసలో నా సంతకం.

జులై 22, మంగళవారం

పర్వీన్ టీచర్ ఫోన్.

"చాచా, నిన్నటి నుంచి క్యాన్లు రాలేదు. అడిగితే, మీ బోరు నీళ్ళు మంచివని రిపోర్టు వచ్చింది, ఇంక అవసరం లేదన్నారు."

"మంచిదే గదమ్మా. నీళ్ళు బాగైనాయంటే సంతోషపడల్ల."

"నిన్న బోరు నీళ్ళతో అన్నం వండితే పసుప్పచ్చగా వచ్చింది చాచా, క్యాన్లు రాకముందు మాదిరే. నీళ్ళు మారింటే అన్నం మారదా?"

బియ్యం సంగతి నాకు తెలియదన్నాను. నలభై ఏళ్ళ నుంచి ఈ జిల్లా బోర్ల నీళ్ళు తాగినవాణ్ణి అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆమె అన్నీ విని, "సరే చాచా, ఖుదా హాఫిజ్" అని పెట్టేసింది. నిన్న మొన్న నేర్చుకున్నవాళ్ళు నాకు నీళ్ళ గురించి చెప్పేదా.

జులై 23, బుధవారం

నేను చూసినాను. సీసా నింపేటప్పుడు నేను ఆడే ఉన్నాను. బోరింగు వరండాకు పది అడుగులు కూడా ఉండదు.

జులై 24, గురువారం

సీసా నింపేటప్పుడు నేను ఆడే ఉన్నాను. బోరింగు కొట్టిన చప్పుడు విన్నాను కూడా.

విన్నానా? ఆ పంపు పైన గొలుసు నూనె లేక ఎండిపోయి ఉంటుంది, కొడితే గాడిద అరిచినట్టు అరుస్తుంది. అది అరిచి ఉంటే కథ మధ్యలో నేను గొంతు పెంచి ఉండాల్సింది. పెంచినట్టు గుర్తు లేదు. నారాయణ సార్ నవ్వు ఒక్కటే గుర్తుంది.

సాయంత్రం మేడమ్ ఇచ్చిన మీటరు తీసి మా ఇంటి కొళాయి నీళ్ళలో పెట్టినాను. ఆరు వందల నలభై. సైదున్నీసా చూస్తా ఉంది.

"ఏం కొలుస్తాండావు?"

"ఊరికే."

"ఊరికే కొలిచేదానికి నీ మొగం అట్లెందుకుంది?"

తాగేదానికి బజారు నుంచి తెప్పించే క్యాన్ నీళ్ళు గ్లాసులో పోసి పెట్టినాను. నలభై నాలుగు.

రాయాల్సింది ఏమీ లేదు.

జులై 25, శుక్రవారం

రాయాల్సింది ఉంది.

పొద్దున ఏడింటి బస్సుకు పులివెందుల, ఆడి నుంచి ఆటో. బడికి పోయేసరికి అలివేలమ్మ చింతపండు పిసుకుతాంది. పర్వీన్ టీచర్ క్లాసులో ఉంది. పంపు కొడితే గాడిద అరిచింది.

"అలివేలమ్మా, ఆ దినం మేము వచ్చినప్పుడు సీసాలోకి నీళ్ళు పట్టింది ఎవరు?"

"నేనే సర్దారప్పా. మేడమ్మ సీసా ఇచ్చి నీళ్ళు పట్టుకరామనింది."

"యాడ పట్టినావు?"

"యాడేంది, క్యాన్‌లో. అంతమంది సదువుకున్నోల్లు బస్సేసుకోని వస్తిరి. ఆ పచ్చి ఉప్పు నీల్లు సీసాలో పోసిస్తే మా ఊరి మర్యాద ఏం కావల్ల? సీసా గూడ రెండు తూర్లు కడిగినా, అదే నీల్లతో."

నేను పంపు పిడి వదిలేసినాను. ఆమే అంది: "తప్పు చేసినానా అప్పా?"

"లేదమ్మా."

"మరి క్యాన్లు ఎందుకు నిలిపినారు? నేను ఎవురికన్నా తక్కువ పెట్టినానా ఉగ్గాని?"

ఈ మాట రాయడానికి ఇంతసేపు పట్టింది. క్యాన్ నీళ్ళు కొలిచి, బోరు నీళ్ళు మంచివని సంతకం పెట్టి, క్యాన్లు నిలిపించినాను. సీసా నిండేటప్పుడు నేను రెంచీ కథ చెప్తాన్నాను. అలివేలమ్మ మర్యాద చేసింది. తప్పు చేసింది చూడకుండా రాసినవాడు.

పర్వీన్ టీచర్ బయటికి వచ్చింది. చెప్పినాను. అరుస్తుందనుకున్నాను. దుపట్టా తల మీదికి సర్దుకుని, "నూట పది మంది పిల్లలు చాచా. నాలుగు దినాలైంది" అంది. "ఏడాది తిరిగితే వచ్చిన క్యాన్లు." అంతే. అరిచి ఉంటే బస్సులో కొంచెం తేలిగ్గా కూర్చునేవాణ్ణి.

జులై 28, సోమవారం

ప్రొద్దుటూరు ఆఫీసులో భార్గవి మేడమ్‌తో గంట సేపు. ఆమె తప్పు కూడా కొంత ఉంది, సీసా ఇచ్చింది ఆమే. ఆ మాట నేను అనలేదు, ఆమే అంది. అని, ఏడ్చినంత పని చేసింది. మంచి పిల్ల.

కానీ తరువాత వేరే దారి పట్టింది.

"సర్దార్ గారూ, ఒక్క రీడింగు తప్పని రాస్తే మిగతా పదకొండు బడులవీ అనుమానిస్తారు. పై నెల జమ్మలమడుగు బ్యాచ్ ఉంది, ఆపేస్తారు. వచ్చే ఏడాది ఎలాగూ మళ్ళీ పరీక్ష చేస్తాం కదా. అప్పుడు సరిచేద్దాం."

"అప్పటిదాకా ఆ పిల్లోళ్ళు ఏం తాగల్ల మేడమ్?"

"పంచాయతీతో మాట్లాడతాను."

"పర్వీన్ టీచర్ ఏడాది మాట్లాడింది పంచాయతీతో."

"మీ గురించి కూడా ఆలోచిస్తున్నాను. డిగ్రీ లేని వ్యక్తిని ఎందుకు పెట్టారని పైవాళ్ళు ముందే అడిగారు. నేనే పట్టుబట్టాను."

అది నిజమే. ఆ మాటకు నేను కిటికీ వైపు చూసినాను. కిటికీ అవతల బంగారు అంగళ్ళ బజారు. ఆ బజారులో తులం బంగారం తూచేదానికి ఫ్యాను ఆపేస్తారు, గాలికి త్రాసు కదులుతుందని. నీళ్ళకు మేము అంత కూడా చేయలేదు.

"మేడమ్, అనుమానించనీ. పన్నెండూ మళ్ళీ కొలుద్దాం. బోరింగులు యాడికీ పోవు. నన్ను తీసేయాల్సి వస్తే తీసేయండి. నాకు పంపులు బాగు చేసేది వచ్చు, అది ఎవరూ తీసుకోలేరు."

పైవాళ్ళతో మాట్లాడి చెప్తానంది. చెప్పదు. మొగం చూస్తే తెలిసింది.

జులై 29, మంగళవారం

సైదున్నీసా ఏమీ అడగలేదు. ఈమె అడగకపోతే నాకు భయం.

జులై 31, గురువారం

అడిగింది. మొత్తం చెప్పినాను, రెంచీ కథతో సహా. ఆ రెంచీ సంగతి ఆమెకు కూడా ఇప్పటిదాకా తెలియదు.

"అయితే ఇది రెండోది" అంది.

రెండోది అని నేను లెక్క పెట్టుకోలేదు. దాన్ని ఎప్పుడూ నవ్వులాట కింద చెప్పుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు పెళ్ళిళ్ళలో, బస్టాండుల్లో, ఆఫీసు వరండాల్లో చెప్పినాను. చెప్పని చోటు ఆ ఊరు ఒక్కటే.

ఆగస్టు 1, శుక్రవారం. పులివెందుల

ఈరోజు ట్రైనింగు ఆఖరు దినం. ఒక హాల్లో పూలదండలు, మైకు, పన్నెండు సర్టిఫికెట్లు. ఒక్కొక్క దాని మీద రెండు సంతకాలు ఉండల్ల, మేడమ్‌ది, నాది. మేడమ్ పెట్టేసింది. పెన్ను నా చేతికి ఇచ్చినారు.

పెన్ను జేబులో పెట్టుకున్నాను.

"నేను సంతకం పెట్టను. ముందు బస్సెక్కండి."

మైకు పట్టుకున్న పిల్లోడికి ఏం చేయాల్నో తెలియక మైకు నా నోటి దగ్గరికి తెచ్చినాడు. సరేలే అని దాంట్లోనే చెప్పినాను. పర్వీన్ టీచర్ బడి రీడింగు తప్పు. అది క్యాన్ నీళ్ళ రీడింగు. నింపేది నేను చూడలేదు. చూడకుండా రాసేది దొంగసాక్ష్యం అని మీకు చెప్పింది నేనే. మళ్ళీ కొలిచేదాకా ఎవరికీ సర్టిఫికెట్టు లేదు.

ఎమ్మెస్సీల్లో ఒకాయన, "మాదేం తప్పుంది సార్, మాకెందుకు ఆపుతారు" అన్నాడు. న్యాయమైన మాటే. భార్గవి మేడమ్ నేల చూస్తాంది. పర్వీన్ టీచర్ వెనక వరసలో నిలబడింది.

అప్పుడు నారాయణ సార్ లేచినాడు. ఈయన ఏదో ఒక చురక వేస్తాడు, నా పని అయిపోతుంది అనుకున్నాను. జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి అందరికీ చూపించినాడు. వాన పట్టిక.

"ఇరవై ఏడో తారీకు. నాలుగు మిల్లీమీటర్లు. జమ్మలమడుగులో, జులైలో. పడిందప్పా. పొద్దున్నే లేసి లుంగీ మీద పోయి చూసి రాసినా, ఈ ముసలాయన చింపుతాడని. ఇంతమందిమి పని నేర్చుకున్నాం గదా, ఆయన కూడా నేర్చుకుంటాండాడు. పదండి, బస్సెక్కుదాం."

తొమ్మిది మంది ఎక్కినారు. మేడమ్ అందరికన్నా ఆఖరున వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

బడిలో అలివేలమ్మ మమ్మల్ని చూసి పొయ్యి వైపు తిరిగింది. ఉగ్గాని వద్దమ్మా, సీసా నువ్వే నింపల్ల, ఈసారి బోరింగులో అన్నాను. "అంతమంది ముందరనా?" అంది. అంతమంది ముందరే అన్నాను. పైపులో నిలవున్న నీళ్ళు పోయేదాకా ముందు వంద దెబ్బలు కొట్టల్ల. నారాయణ సార్ కొట్టినాడు. డెబ్భై దగ్గర ఆయాసం వచ్చి ఎమ్మెస్సీ ఆయనకు అందించినాడు. గాడిద అరుస్తానే ఉంది.

"ఏం సర్దారన్నా, ఇయ్యాల కథ లేదా?"

"సీసా నిండినాక."

అలివేలమ్మ సీసాను ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపింది. నేను సీసా మూతి నుంచి కన్ను తీయలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని ఉండడం అదే మొదలు. మూత బిగించినాక పర్వీన్ టీచర్ చీటీ అంటించి, తారీకు రాసింది. ఇంకో సీసా. మళ్ళీ అంతే.

మీటరు పదకొండు వందల ఎనభై. మందు చుక్కలు వేసినాము. గులాబీ రంగు నిలబడలేదు, చూస్తాండగానే పసుపుకు తిరిగింది. రంగుల పట్టికలో మూడు దాటి. రెండో సీసా కూడా అంతే.

భార్గవి మేడమ్ తన సంచీలోంచి కొత్త ఫారం తీసింది. అంటే పొద్దున్నే పెట్టుకుని వచ్చింది. మొదటి సంతకం ఆమే పెట్టి, కాగితం నా వైపు తిప్పింది. దాంట్లో "పాత రీడింగు తప్పు కావడానికి కారణం" అనే గడి ఖాళీగా ఉంది. నేను రాసినాను: సీసా నింపేటప్పుడు నేను చూడలేదు, కథ చెప్తాన్నాను. సర్దార్.

"కథ చెప్తున్నానని రాయాలా సర్దార్ గారూ?"

"జరిగింది అదే గదా మేడమ్."

తరువాత నారాయణ సార్ అడిగితే కథ చెప్పినాను. రెంచీ ఇంకా ఆ బోరులోనే ఉంది, ఆ ఊరివాళ్ళకు నేను ఈరోజుదాకా చెప్పలేదు అని ముగించినాను. ఎవరూ నవ్వలేదు. ఈ ముగింపుతో అది మంచి కథ కాదు.

సర్టిఫికెట్లకు సంతకాలు బస్సులో, మోకాలి మీద పెట్టినాను. ఎక్కని ముగ్గురికి కూడా పెట్టినాను. గతుకులకు నారాయణ సార్ కాగితం మీద నా పేరు గుర్రం మాదిరి వచ్చింది. మార్చమన్నా మార్చుకోనన్నాడు.

ఆగస్టు 2, శనివారం

మేడమ్ ఫోన్. పన్నెండు బడులూ మళ్ళీ కొలవమన్నారంట. జమ్మలమడుగు బ్యాచ్ ఆగలేదు, పదిహేను దినాలు వెనక్కి పోయింది. దానికి రిసోర్స్ పర్సన్ వేరే ఆయన వస్తాడంట, డిగ్రీ ఉన్నాయన. ఆమె చెప్పడానికి శానా కష్టపడింది. కష్టపడొద్దమ్మా అన్నాను. మొదటిసారి అమ్మా అన్నాను, మేడమ్ అనలేదు.

నాకేమీ బాధ లేదు.

ఆగస్టు 3, ఆదివారం

బాధ ఉంది. కానీ మళ్ళీ ఆ హాల్లో నిలబెట్టినా పెన్ను జేబులోనే పెట్టుకుంటాను. ఎవరైనా అడిగితే ఇదే చెప్తాను. ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఆగస్టు 6, బుధవారం

పొద్దున పర్వీన్ టీచర్ ఫోన్ చేసింది. క్యాన్లు వచ్చినాయంట. ఎనిమిది. ఒకదానికి మూత లేదంట. అలివేలమ్మ దాని మీద పళ్ళెం బోర్లించిందంట.